ఆండీసు హృదయము: ఒక్క పటముతో జరిగిన ప్రదర్శనము

చిత్రపటముల ప్రదర్శన మనగానే గోడలనిండ వరుసగా వ్రేలాడు పటములును, ఒక్కొక్కదాని యెదుట ఒక్క నిమిషము నిలిచి సాగిపోవు జనులును మన మనస్సునకు దోచుట సహజము. అట్లు నూరు పటములను జూచివచ్చినవానిని మరునాడు ప్రశ్నించినచో ఒక్కదానినైనను సరిగా వర్ణింపజాలడు. 1859వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు నగరమున జరిగిన యొక ప్రదర్శనము దీనికి పూర్తిగా భిన్నమైనది. అందుంచబడిన పట మొక్కటియే. అది దక్షిణ అమెరికా యందలి పర్వతప్రదేశమును జూపు చిత్రము. దాని పేరు ‘ఆండీసు హృదయము’. ఏప్రిలు నెల కడపటి దినములు మొదలు మే 23వ తేదీ వరకు, నాలుగు వారములైనను నిండకముందే, 12,000 మందికి పైగా జనులు తలకు 25 సెంట్ల చొప్పున రుసుము చెల్లించి దానిని జూచిరి. ఒక్క కొండ చిత్తరువును జూచుట కింతమంది యేల పోయిరి? అచ్చట వారు చూచిన దేమి? దీనిని విద్యార్థులకు తెలియజెప్పవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

పటమును వ్రాసినవాడు ఫ్రెడరిక్ ఎడ్విన్ చర్చ్. 1826లో కనెక్టికట్ రాష్ట్రమునందలి హార్ట్‌ఫర్డు పట్టణమున జన్మించెను. క్రైస్తవ దేవాలయమునకు ఆంగ్లభాషలో గల పేరే యీయన యింటిపేరు. కావున ఇకముందు ‘చర్చ్’ అన్నచోట నెల్ల మనుష్యునినే గ్రహింపవలెను. యౌవనారంభమున థామస్ కోల్ అను ప్రసిద్ధ చిత్రకారునియొద్ద రెండు సంవత్సరములు శిష్యుడై యుండెను. ప్రదర్శనము జరుగుచుండగనే ఆయనకు 33 ఏండ్లు నిండినవి.

ప్రదర్శనము జరిగిన చోటు న్యూయార్కులో పదవ వీధియందు చిత్రకారులకొరకే 1857లో కట్టబడిన యొక కట్టడము. ఆ కట్టడము ఇప్పుడు లేదు. 1956లో దానిని కూల్చివేసిరి. పటము చిన్నది కాదు. ఎత్తు అయిదున్నర అడుగులు. వెడల్పు ఇంచుమించు పది అడుగులు. దానిని మామూలు పటమువలె గోడకు తగిలింపక, నల్లని కర్రతో కిటికీ యాకారమున ఒక గొప్ప చట్రమును చేయించి, అందు బిగించి నేలమీద నిలిపిరి. ఇరుప్రక్కల తెరలు కట్టిరి. గదిలో తక్కిన వెలుతురు నణచి, వెలుగంతయు పటముమీదనే పడునట్లు చేసిరి. ఎదుట బల్లలు వేసిరి. చీకటిగదిలో కూర్చున్నవాడు తెరచియున్న కిటికీనుండి ఆండీసు పర్వతములను జూచుచున్నట్లు తలపోయవలెనని వారి యుద్దేశము.

ఇంతటితో ఆగలేదు. వచ్చువారు నాటకశాలలో వాడుకొను చిన్న దుర్భిణులను వెంట దెచ్చుకొనుట వాడుక యయ్యెను. పది అడుగుల దూరమున నున్న పటమునకు దుర్భిణి యేల యని నవ్వవచ్చును. కాని అందులో యుక్తి కలదు. దుర్భిణిలోనుండి చూచువానికి పటమంతయు ఒక్కసారి కనబడదు. అరచేయంత భాగమే కనబడును. దానిని జూచి, ప్రక్కకు జరిపి, మరియొక భాగమును జూడవలెను. చూపు పరుగెత్తుటకు వీలులేదు. ఇదిగాక పటమును వివరించు రెండు చిన్న పుస్తకములుగూడ అచ్చువేయబడెను. ఒకటి థియొడోర్ విన్‌త్రప్ అను గ్రంథకర్త వ్రాసినది. రెండవది లూయీ లెగ్రాండ్ నోబుల్ అను బోధకుడు వ్రాసినది. మొదట ఆకాశమును జూడుడు, పిమ్మట మంచుకొండను, అటుపిమ్మట మైదానమును అని వరుస దప్పక చెప్పుచు ఆ పుస్తకములు చూపరుని చేయిపట్టుకొని నడపించినవి. తెరలును దీపములును కొంత యాడంబరమే యని నాకు దోచుచున్నది. బల్లలను దుర్భిణులను మాత్రము మెచ్చుకొనకుండ నుండలేను.

ఇక పటములోనికి పోవుదము. ఎడమవైపున, అన్నిటికంటె దూరమున, మంచుతో గప్పబడిన చింబొరాజో శిఖరము మేఘముల నడుమ నిలిచియున్నది. దానికి ఈవల, నడుమ భాగమున, చెట్లు చేమలు లేని గోధుమవన్నె కొండలవరుస. వాని పాదమున విశాలమైన పచ్చని మైదానము. మైదానమున నదియు, దాని యొడ్డున చిన్న పల్లెయు, పల్లెలో ఒక దేవాలయమును గలవు. నదీజలము క్రమముగా మనవైపునకు వచ్చి, నడుమ నొక రాతిగట్టునుండి జలపాతమై దుమికి మడుగులో పడుచున్నది. మనకు మిక్కిలి చేరువను, కుడి యెడమల, ఉష్ణదేశముల దట్టమైన యడవి: తీగెలు, ఫెరను చెట్లు, పూవులు, వెడల్పాటి యాకులు, వానినడుమ పక్షులు. ఎడమవైపు అడవిలోనుండి ఒక కాలిబాట వచ్చుచున్నది. ఆ బాట ప్రక్క ఒక సిలువ నాటబడియున్నది. దానియొద్ద ఇరువురు మనుష్యులు గలరు. పటములో మనుష్యులు మిక్కిలి చిన్నవారు; సిలువయు చిన్నదే. నోబుల్ వంటివారు దానిలో విశేషార్థమును జూచిరి. చిత్రకారుడు దానిని నడుమబెట్టి పెద్దది చేయక, బాటసారికి కనబడునంత మాత్రముగ ప్రక్కను వ్రాసి యూరకుండుట నాకెంతయు నచ్చినది.

అదే యెడమమూలను వెలుగు పడిన చెట్టుబోదె యొకటి కలదు. దానిమీద, బెరడు చెక్కి వ్రాసినట్లుగా, చిత్రకారుని పేరును 1859 అను సంవత్సరమును గలవు.

మన తరగతులలో కొండను గీయుమనగానే బాలురు మూడు త్రికోణములను గీచి, రెండింటినడుమ ఉదయించు సూర్యుని బెట్టి, మూడింటికిని ఒకే ఆకుపచ్చరంగు పూయుదురు. దూరపు కొండకును చేరువ కొండకును భేదము చూపుట యెట్లో ఈ పటమునుండి నేర్చుకొనవచ్చును. గాలి శుద్ధమైనదైనను పూర్తిగా పారదర్శకము కాదు. సూర్యకాంతి గాలిలోని యణువులకు తగిలి చెదరును. ఎరుపు పసుపు కాంతులకంటె నీలికాంతి హెచ్చుగా చెదరును. ఆకాశము నీలముగా నుండుటకు కారణ మిదియే. మనకును దూరపు కొండకును నడుమ పది మైళ్ల గాలి యున్నచో, ఆ గాలిలో చెదరిన నీలికాంతి కొండమీద తెరవలె పరచుకొనును. అందుచే నల్లని కొండ దూరమునుండి నీలముగను పాలిపోయినదిగను అగపడును. మంచుకొండ విషయము వేరు. దానినుండి వచ్చు తెల్లని వెలుగులో నీలిభాగము దారిలో చెదరిపోవుటచే మిగిలినది కొంచెము పసుపు డాలు కలిగియుండును. కావున దూరమున నున్న మంచును సుద్దవలె తెల్లగా పూసినచో అది దూరముగా నుండక పటముమీద అంటించిన కాగితమువలె నుండును. చర్చ్ ఈ రహస్యము నెరిగి, చింబొరాజో మంచును వెచ్చని లేతవన్నెతోను, దాని నీడలను నీలముతోను వ్రాసెను. చేరువనున్న ఆకులకు మాత్రమే గాఢమైన పచ్చదనము నిచ్చెను.

అయినను అడవియు మైదానమును మంచును ఒక్క పటములోనే యేల కూర్చవలసివచ్చెను? దీనికి సమాధానము చిత్రలేఖనమునందు గాక భూగోళశాస్త్రమునం దున్నది.

జర్మనుదేశమున 1769లో జన్మించిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ అను మహాపండితుడు 1799 మొదలు 1804 వరకు అమెరికా ఖండములలో సంచారము చేసెను. 1802 జూను 23వ తేదీన ఆయన తన సహచరులతో చింబొరాజో పర్వతము నెక్కెను. దారికి అడ్డముగా పెద్ద నెఱియ రాగా శిఖరమునకు కొంత దిగువనే నిలిచిపోవలసివచ్చెను. అయినను దాదాపు 19,000 అడుగుల యెత్తువరకు పోయినట్లు భారమితి సాయమున లెక్కగట్టెను. ఆ దినములలో చింబొరాజో ప్రపంచమున నెల్ల ఎత్తైన పర్వతమని తలచుచుండిరి. దాని యెత్తు 20,548 అడుగులు. తరువాత మన హిమాలయములను కొలిచినపిమ్మట ఆ గౌరవము దానికి పోయెను. 1856లో ప్రకటింపబడిన లెక్కలో ఎవరెస్టు శిఖరము 29,002 అడుగులుగా తేలెను. హంబోల్ట్ హిమాలయములనుగూడ చూడవలెనని ఎంతో ప్రయత్నించెను గాని, ఈస్టు ఇండియా కంపెనీవారి యనుమతి లభింపలేదు. చింబొరాజోకు మిగిలిన గొప్పతనము వేరొకటి కలదు. భూమి మధ్యరేఖయొద్ద ఉబ్బియుండుటచేతను, ఆ పర్వతము మధ్యరేఖకు చేరువ నుండుటచేతను, భూకేంద్రమునుండి కొలిచినచో ఎవరెస్టుకంటె దాని శిఖరమే దాదాపు రెండు కిలోమీటర్లు హెచ్చు దూరమున నున్నది.

కొండ యెక్కుచు హంబోల్ట్ మొక్కలను గమనించెను. ప్రతి వేయి అడుగుల యెత్తునకు ఉష్ణము సుమారు రెండు డిగ్రీలు సెంటిగ్రేడు తగ్గును. అందుచే మధ్యరేఖయొద్ద నున్న ఎత్తైన పర్వతముయొక్క పాదమున అరటియు తాటిజాతియు పెరుగుచుండగా, దానిపై చలిదేశపు చెట్లును, అంతకుపైని గడ్డియు, నాచును, తుదకు నిత్యమైన మంచును గలవు. మధ్యరేఖనుండి ధ్రువమువరకు ప్రయాణము చేసినచో కనబడు శీతోష్ణభేదములన్నియు అచ్చట ఒక్క కొండమీదనే, రెండు మూడు దినముల నడకలోనే కనబడును. హంబోల్ట్ చింబొరాజో పర్వతముయొక్క నిలువుకోతను గీయించి, ఏ మొక్క యే యెత్తున పెరుగునో ఆ పటముమీదనే పేర్లు వ్రాసి ప్రకటించెను. ఆ పర్వతము నేటికిని శాస్త్రజ్ఞులకు పాఠ్యగ్రంథమే. 2012లో కొందరు శాస్త్రజ్ఞులు పోయి మరల పరీక్షింపగా, మంచు వెనుకకు తగ్గి, మొక్కల పైమేర యెత్తునకు జరిగియుండుట కనబడెను. ఎంత జరిగినదను విషయమున పండితులలో వాదము జరిగినది. జరిగినదనుటలో వాదము లేదు.

1845 మొదలు ప్రకటింపబడిన ‘కాస్మాస్’ అను తన గ్రంథమున హంబోల్ట్ చిత్రకారులకొరకు ఒక ప్రకరణము వ్రాసెను. ఐరోపా తోటలలోని నాలుగు చెట్లను జూచి వ్రాయుట మాని, ఉష్ణదేశపు పర్వతములకు పోయి, ఆకును ఆకుగా, రాతిని రాతిగా చూచి వ్రాయగల చిత్రకారులు రావలెనని ఆయన కోరిక. ఆ పుస్తకము చర్చ్ చేతబడెను. ఆయన చదివి యూరకుండువాడు కాడు. 1853లో సైరస్ ఫీల్డు అను వర్తకునితో కూడి కొలంబియా, ఈక్వడారు దేశములకు పోయెను. 1857లో లూయీ మిన్యో అను చిత్రకారునితో మరల ఈక్వడారుకు పోయెను. గాడిదలమీదను కాలినడకను సంచరించుచు పెన్సిలుతో వందలకొలది చిత్రములు గీచి, వానిప్రక్కనే రంగు లెట్లున్నవో మాటలలో వ్రాసికొనెను. కాగితములమీద తైలవర్ణములతోను చిన్న చిత్రములు వ్రాసెను. ఆయన చేతి చిత్రములు 2,000కు పైగా నేటికిని న్యూయార్కులోని కూపర్ హ్యూవిట్ ప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి; 1917లో ఆయన కుమారుడు వానిని అచ్చటి కిచ్చివేసెను. ఇంటికి వచ్చినపిమ్మటనే పెద్దపటమును మొదలుపెట్టెను.

ఇచ్చట విద్యార్థు లొక ప్రశ్న వేయుదురు: ‘ఈ పటములోని స్థలము ఎచ్చట నున్నది? మనము పోయి చూడవచ్చునా?’ చూడజాలము. అట్టి స్థలము భూమిమీద నెచ్చటను లేదు. చింబొరాజో నిజము, గోధుమవన్నె కొండలు నిజము, జలపాతము, ఆకులు, పల్లె అన్నియు ఎక్కడనో యొకచోట చర్చ్ కన్నులార చూచి గీచినవే. కాని అవి యన్నియు ఒక్కచోట నిలిచి చూచువానికి కనబడవు. వేరువేరు దినములలో, వేరువేరు లోయలలో చూచినదానిని ఆయన యొక్క కిటికీలో కూర్చెను. అట్లయిన నిది యబద్ధమా? ఫోటోగ్రాఫు పెట్టె నొకచోట నిలిపి తీసినదే సత్యమనువారికి ఇది యబద్ధమే. నేనట్లు తలపను. మనము భూగోళపాఠమునకు వాడు దేశపటమునుగూడ ఏ మనుష్యుడును ఒక్కచోట నిలిచి చూచి గీయలేదు. అయినను దానిని నమ్మి యోడలు నడచుచున్నవి. హంబోల్ట్ చెప్పిన సంగతి, ఒక్క పర్వతమున సర్వకాలములు సర్వదేశములు ఇమిడియున్నవను సంగతి, ఒక్క లోయను మాత్రమే చూపినచో తెలియదు. అయితే ఇట్లు కూర్చువానికి స్వేచ్ఛ యెంత గలదో కట్టుబాటు నంత గలదు. కూర్పు తనదైనను ఆకు తనది కాదు. ఆకును కల్పించినచో దుర్భిణితో చూచువాడు పట్టుకొనును. వృక్షశాస్త్రము తెలిసినవారు చూచి మెచ్చునట్లుగా ఆకులు వ్రాయబడినవి గనుకనే ఆ కూర్పునకు విలువ వచ్చెను. మూడు త్రికోణములను గీయు మన బాలుడు కూర్పుతో మొదలుపెట్టును. చర్చ్ ఆకుతో మొదలుపెట్టెను.

పటము ముగిసినపుడు దానిని బెర్లినుకు బంపి, వృద్ధుడైన హంబోల్ట్‌కు చూపవలెనని చర్చ్ సంకల్పించెను. అరువది యేండ్లక్రిందట ఆ మహానుభావుని కన్నులకు ఆనందము గొలిపిన ప్రదేశమును మరల ఆయన కన్నులయెదుట నిలుపవలెనని మే 9వ తేదీన ఒక స్నేహితునికి ఉత్తరము వ్రాసెను. హంబోల్ట్ మే 6వ తేదీననే, తన 89వ యేట, బెర్లినులో మరణించియుండెను. ఆ వార్త చర్చ్‌కు తెలియదు. తెలియుటకు మార్గమును లేదు. ఆయనతో 1853లో ఆండీసునకు వచ్చిన సైరస్ ఫీల్డే 1858లో అట్లాంటికు సముద్రము నడుగున తంతితీగె వేయించెను గాని, అది కొన్ని వారములు పనిచేసి చెడిపోయెను. స్థిరమైన తీగె 1866 వరకు పడలేదు. కావున మరణవార్త ఓడమీదనే రావలెను. అది వచ్చువరకు పదవ వీధిలో జనులు బల్లలమీద కూర్చుండి చింబొరాజోను జూచుచునే యుండిరి. ఎవరికొరకు దానిని వ్రాసెనో ఆయన మాత్రము లేడు.

న్యూయార్కు ప్రదర్శనము ముగిసిన పిమ్మట పటము లండనుకు బోయి, తిరిగివచ్చి, అమెరికాలోని పట్టణములు కొన్ని తిరిగెను. విలియం బ్లాడ్జెట్ అను ధనికుడు దానిని 10,000 డాలర్లకు కొనెను. జీవించియున్న అమెరికా చిత్రకారుని పటమునకు అంతకుముందు అంత ధర యెవరు నియ్యలేదు. 1861లో సెయింటు లూయిస్ పట్టణమునకు పటము వచ్చినపుడు మిసిసిపీ నదిమీద పొగయోడ నడపు ఒక 25 ఏండ్ల యువకుడు పలుమారులు పోయి చూచెను. చూచిన ప్రతిసారియు అది క్రొత్త పటమువలెనే యున్నదని తన యన్నకు వ్రాసెను. అతని పేరు శామ్యూల్ క్లెమెన్స్. తరువాత మార్క్ ట్వెయిన్ అను పేర లోకమున కంతకును తెలిసినవాడు. ఆ సంవత్సరమే అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. పటమును వివరించి పుస్తకము వ్రాసిన విన్‌త్రప్ ఆ జూను నెలలోనే యుద్ధమున హతుడయ్యెను. 1864లో గాయపడిన సైనికుల సహాయార్థము న్యూయార్కులో జరిగిన గొప్ప సంతలో ఈ పటమును మరల ప్రదర్శించిరి. దాని చట్రముపైన వాషింగ్టను, ఆడమ్సు, జెఫర్సను అను పూర్వాధ్యక్షుల మువ్వురి చిత్తరువులు నుంచిరి. ఎవరి దేశమునకును చెందని లోయయొక్క పటమునకు అట్టి కిరీట మేల తగిలించిరో ఊహింపవచ్చును. ఆ సంవత్సరమున అచ్చటివారికి దేశము తప్ప వేరుతలంపు లేదు.

చర్చ్ తరువాతి జీవితము సులభమైనది కాదు. 1865లో ఆయన బిడ్డ లిరువురు గొంతువ్యాధిచే కొలదిదినములలోనే మరణించిరి. 1870వ దశకమున కీళ్లవాతము కుడిచేతిని పట్టెను; ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనెను. జనుల యభిరుచియు మారెను. ఆకులను లెక్కించి వ్రాయు చిత్రకారులను వెక్కిరించుట నాగరకతయైనది. 1900లో ఆయన మరణించునాటికి ఆయన పేరును చాలమంది మరచియుండిరి. ‘ఆండీసు హృదయము’ 1909లో మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు దానముగా వచ్చి, నేటికిని అచ్చటనే యున్నది.

ఆ మరపు ఎంతటిదో తెలియుటకు ఆయన వ్రాసిన మరియొక పటము సంగతి చెప్పవలెను. మంచుకొండలు సముద్రమున తేలుచుండుటను చూపు పెద్దపటమొకటి 1861లో ఆయన వ్రాసెను. ఇంగ్లాండులో నొక గృహస్థుడు దానిని కొని మాంచెస్టరు నగరమునందలి తన యింట నుంచెను. కాలక్రమమున ఆ యిల్లు బాలుర వసతిగృహముగా మారెను. పటము మెట్లమలుపున గోడమీదనే యుండిపోయెను. పండితులు అది నశించినదని తలచియుండగా, ఆ పిల్లలు తరతరములుగా ప్రతిదినమును దానిప్రక్కగా మెట్లెక్కుచు దిగుచు నుండిరి. 1979లో అది బయటపడి న్యూయార్కులో వేలమునకు వచ్చినపుడు 25 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. ఇప్పుడది టెక్సాస్ రాష్ట్రమున డాలస్ నగరపు ప్రదర్శనశాలలో నున్నది.